పాత ల్యాప్‌టాప్ చేతులు మారే ముందు

(పరిశోధక విద్యార్థుల శిక్షణ శిబిరంలో మధ్యాహ్నం సెషన్‌లో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున మీరు సినాప్సిస్ రాయడం గురించి, ఫీల్డ్‌వర్క్ గురించి పెద్దవాళ్ల దగ్గర విన్నారు. భోజనాల తర్వాత కళ్లు మూతలు పడే వేళ నాకిచ్చి, పాత ల్యాప్‌టాప్ గురించి మాట్లాడమన్నారు. చిన్న విషయంలాగే కనిపిస్తుంది. అయితే ఈ హాల్లో ఎవరి మొదటి ల్యాప్‌టాప్ కొత్తది, ఎవరిది సీనియర్లు వాడి ఇచ్చింది అని అడిగితే సగం చేతులు రెండో ప్రశ్నకే లేస్తాయని నా అంచనా. నా మొదటిదీ అలా వచ్చిందే. ఎంఫిల్ అయిపోయిన ఒక అన్న ఇచ్చాడు. అందులో స్పేస్ బార్ గట్టిగా గుద్దితే తప్ప పనిచేసేది కాదు. నా డిసర్టేషన్‌లో మొదటి రెండు అధ్యాయాలు దాని మీదే టైప్ చేశాను.

ఫెలోషిప్ బకాయిలు ఒక్కసారిగా పడిన నెలలో హాస్టల్ గదుల్లో కొత్త ల్యాప్‌టాప్‌లు కనిపిస్తాయి. మరి పాతవి ఏమవుతాయి? కొన్ని ఎక్స్‌ఛేంజ్‌లో పోతాయి. కొన్ని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోనో, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనో సెకండ్ హ్యాండ్ షాపులకు చేరతాయి. కొన్ని ఊళ్లో చెల్లెలికి, తమ్ముడికి, లేదా ఆ ఏడాదే చేరిన జూనియర్‌కు వెళ్తాయి. మిగతావి మంచం కింద సూట్‌కేసులో పడుంటాయి. పాత యంత్రం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే ఆ మధ్య వారం రోజుల్లో ఏం చేయాలన్నదే ఈ పూట మన విషయం.

దీనికి ఇంత సమయం ఎందుకు పెట్టాలో ఒక లెక్కతో చెబుతాను. జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్ 2017–18లో జరిగింది. దాని ప్రకారం కంప్యూటర్ ఉన్న ఇళ్లు పట్టణాల్లో 23.4 శాతం, పల్లెల్లో 4.4 శాతం. అంటే పల్లెలో వంద ఇళ్లకు ఐదైనా లేవు. ఆ తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి, నిజమే. కానీ ఫోన్లో థీసిస్ రాయలేం, ఫుట్‌నోట్ పెట్టలేం, వంద ఇంటర్వ్యూల పట్టిక చూడలేం. కాబట్టి ఐదేళ్లు వాడిన యంత్రం మీకు పాతదే కావచ్చు. తీసుకునేవాళ్ల ఇంట్లో అది మొదటి కంప్యూటర్.

ముందు ఒక ప్రశ్న తేల్చుకోండి. ఆ ల్యాప్‌టాప్ నిజంగా మీదేనా? సొంత డబ్బుతో కొన్నదైతే గొడవ లేదు. ప్రాజెక్టు గ్రాంటుతో కొన్నదైతే అది సాధారణంగా విశ్వవిద్యాలయం స్టాక్ రిజిస్టర్‌లో ఉంటుంది. దాన్ని తమ్ముడికి ఇచ్చి పంపితే నో డ్యూస్ రోజున మీరే చిక్కుకుంటారు. డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి, వీలైతే కాగితం మీద జవాబు తీసుకోండి. నోటిమాట మీద నడవొద్దు. మన పిల్లల విషయంలో నోటిమాటలు తర్వాత ఎలా మారిపోతాయో ఇక్కడ కూర్చున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మొదటి పని, లోపలున్నది బయటికి తీయడం.

1917లో బాబాసాహెబ్ లండన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆయన ఒక ఓడలో వచ్చారు, ఆయన పుస్తకాలు ఇంకో ఓడలో బయలుదేరాయి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పుస్తకాలున్న ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. విదేశాల్లో చదువుకుంటూ, పొదుపు చేసుకుంటూ కొనుక్కున్న పుస్తకాలు నీళ్లపాలయ్యాయి. ఆయనకు వేరే దారి లేదు. మనకు ఉంది. ఆ దారిని వాడుకుంటున్నామా అన్నదే నా ప్రశ్న. మీ థీసిస్ ఈ క్షణాన ఎన్ని చోట్ల ఉంది? ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉంటే, మొత్తం ఒకే ఓడలో వేసినట్టే. కనీసం రెండు వేర్వేరు పరికరాల్లో ఉండాలి. అందులో ఒకటి మీ గదిలో కాకుండా ఇంకోచోట ఉండాలి.

ఆయన పోయాక జరిగింది కూడా గుర్తుంచుకోవాలి. 1956 డిసెంబర్ నాటికి అచ్చు కాని రాతప్రతులు ఎన్నో మిగిలిపోయాయి. వసంత్ మూన్ సంపాదకత్వంలో మహారాష్ట్ర ప్రభుత్వం సంపుటాలు వేయడం మొదలైంది 1979లో. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా గడిచాయి. అంతటి మనిషి కాగితాలకే అలా జరిగింది. మీరు గూడెంలో ముసలమ్మతో మూడు గంటలు మాట్లాడి రికార్డు చేసుకున్న ఆడియో ఫైలు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆమె ఇప్పుడు లేకపోవచ్చు కూడా. ఫార్మాట్ కొట్టే ముందు అది ఎక్కడుందో చూసుకోండి.

మనలో చాలామంది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు కాపీ చేసుకుని అయిపోయిందనుకుంటాం. అక్కడితో అయిపోదు. జొటేరో వాడేవాళ్ల సంగతే చూడండి. మీ రిఫరెన్సులు, పీడీఎఫ్‌లు, వాటి మీద రాసుకున్న నోట్సు అన్నీ మీ యూజర్ ఫోల్డర్‌లో జొటేరో పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. జొటేరో వాళ్లు ఉచితంగా ఇచ్చే ఆన్‌లైన్ స్థలం 300 ఎంబీ. అది నిండాక కొత్త పీడీఎఫ్‌లు పైకి వెళ్లవు. రిఫరెన్సుల జాబితా మాత్రం సింక్ అవుతూనే ఉంటుంది కాబట్టి అన్నీ భద్రంగా ఉన్నాయని భ్రమపడతాం. కొత్త కంప్యూటర్‌లో లాగిన్ అయితే పేర్లు కనిపిస్తాయి, పీడీఎఫ్‌లు తెరుచుకోవు. ప్రోగ్రామ్ మూసేసి ఆ ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసుకోండి.

తెలుగులో పనిచేసేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. పాత పత్రికల వ్యాసాలు, కరపత్రాలు, సభల నివేదికలు చాలావరకు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేని కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి పాత యంత్రం ఇంకా నడుస్తున్నప్పుడే, ఆ ఫాంట్లు అందులో ఉన్నప్పుడే, ప్రతి ఫైలునూ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. తీరిక దొరికినప్పుడు కన్వర్టర్లతో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. మార్చాక ఒత్తులు, పొల్లులు తప్పుతాయి, దిద్దుకోవాలి. దళిత ఉద్యమ కరపత్రాలు ఎన్నో ఇలాంటి ఫైళ్లలోనే ఎవరో ఒక డీటీపీ ఆపరేటర్ కంప్యూటర్‌లో చిక్కుకుపోయాయి. మీ దగ్గర అలాంటివి ఉంటే అవి మీ సొంత ఫైళ్లు మాత్రమే అనుకోకండి.

బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు కూడా చూసుకోవాలి. పాస్‌వర్డ్‌లను ఎక్స్‌పోర్ట్ చేస్తే ఎవరైనా చదవగలిగే మామూలు పట్టికగా ఒక ఫైలు వస్తుంది. కొత్తదాంట్లోకి ఎక్కించుకున్న వెంటనే దాన్ని తీసేయండి. అలాగే, విశ్వవిద్యాలయం ఇచ్చిన మెయిల్‌తో వచ్చే డ్రైవ్‌లోనే అన్నీ పెట్టుకున్నవాళ్లు, ఆ ఖాతా మీరు వెళ్లిపోయాక ఎంతకాలం ఉంటుందో ఇప్పుడే కనుక్కోండి.

కాపీ అయ్యాక ఫైళ్లను కొత్త కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. పేరు కనిపించినంత మాత్రాన ఫైలు బాగుందని కాదు. ప్రతి ఫోల్డర్‌లో నాలుగైదు తెరవండి, ఆడియోలు కాస్త వినండి. తొందర లేకపోతే రెండు వారాలు కొత్తదాంతోనే పనిచేయండి, పాతది బీరువాలో ఉంచండి. ఏం మర్చిపోయారో ఆ రెండు వారాల్లో బయటపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ డిస్కులో మీరు ఒక్కరే లేరు.

ఒకసారి సెకండ్ హ్యాండ్‌లో ఒక ల్యాప్‌టాప్ కొన్నాం, ఒక జూనియర్ కోసం. షాపువాళ్లు ఫార్మాట్ చేశామన్నారు. తెరిస్తే శుభ్రంగా ఖాళీగా ఉంది. ఫోటోరెక్ అని ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రామ్ ఉంది, పోయిన ఫైళ్లను వెతికి తెస్తుంది. పరీక్షగా నడిపాం. గంటలో ఫైళ్లు వరదలా వచ్చాయి. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పదో తరగతి మెమో. ఎవరో మనలాంటి విద్యార్థివే. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు స్కాన్ చేసినవి. మేం ఆపేసి డిస్కంతా తుడిచేశాం. మేం కాకపోతే ఆ పత్రాలతో ఎవరైనా సిమ్ తీసుకోవచ్చు, లోన్ యాప్‌లో అప్పు తీసుకోవచ్చు. పైగా తన కులం ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో ఆ విద్యార్థి నిర్ణయించుకునే హక్కు కూడా ఆ డిస్కుతో పాటే అమ్ముడుపోయింది.

మీవి మీ పత్రాలు. మరి ఇతరులవి? మీలో కొందరు అత్యాచార కేసుల మీద పనిచేస్తున్నారు. బాధితుల మాటలు, సాక్షుల పేర్లు, ఊరు, ఫోన్ నంబరు, నిందితుల గురించి వాళ్లు భయపడుతూ చెప్పిన సంగతులు మీ ఫైళ్లలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో 15ఏ సెక్షన్ చేరింది. బాధితుల, సాక్షుల హక్కుల గురించి ప్రత్యేకంగా చెప్పే సెక్షన్ అది. ప్రజలు చూడగలిగే రికార్డుల్లో సాక్షుల పేర్లు, చిరునామాలు దాచే చర్యలు ప్రత్యేక కోర్టు తీసుకోవచ్చని అందులో ఉంది. ఆ సెక్షన్ కోసం ఎంతమంది ఎన్నేళ్లు కొట్లాడారో మీకు తెలుసు. కోర్టు దాచిన పేరు మీ పాత డిస్కుతో పాటు షాపు కౌంటర్ మీదికి వెళ్తే ఏం లాభం? ఇంటర్వ్యూకు ముందు మీరు సంతకం చేయించుకున్న అంగీకార పత్రంలో గోప్యత గురించి ఒక వాక్యం రాసి ఉంటుంది. చాలాచోట్ల వాళ్లు వేలిముద్ర వేశారు. ఆ వాక్యం ల్యాప్‌టాప్ అమ్మే రోజున కూడా వర్తిస్తుంది. ఎథిక్స్ కమిటీ ఫారంలో ఈ సంగతి అడగరు. అడగాలని నా అభిప్రాయం.

క్యాంపస్‌లో వివక్ష మీద సమాన అవకాశాల సెల్‌కు రాసిన ఫిర్యాదుల డ్రాఫ్టులు కూడా ఈ కోవలోకే వస్తాయి. వెంట సంతకం చేసిన మిత్రుల పేర్లు వాటిలో ఉంటాయి. వాళ్లలో కొందరికి ఇంకా వైవా కాలేదు.

డిలీట్ చేశాం కదా అంటారు. అసలు డిలీట్ అంటే ఏం జరుగుతుందో చూద్దాం. లైబ్రరీలో ఒక పుస్తకం కార్డును కేటలాగ్ నుంచి తీసేశారనుకోండి. పుస్తకం బీరువాలో ఉన్నచోటే ఉంటుంది. ఆ జాగాలో కొత్త పుస్తకం పెట్టేదాకా కదలదు. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా అంతే, క్విక్ ఫార్మాట్ చేసినా దాదాపు అంతే. మామూలు హార్డ్ డిస్కుల్లో ఇదే జరుగుతుంది.

హార్డ్ డిస్కు అంటే లోపల పళ్లెం తిరిగే పాత రకం. చెవి దగ్గర పెడితే చిన్న గరగర వినిపిస్తుంది. దీన్ని శుభ్రం చేయాలంటే డిస్కు మొత్తం మీద సున్నాలు రాసేయాలి. ఏడుసార్లు రాయాలి, ముప్పై ఐదుసార్లు రాయాలి అని ఇంటర్నెట్‌లో చెబుతుంటారు. అదంతా అక్కర్లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన మార్గదర్శకాల్లో ఇలాంటి డిస్కులకు ఒక్కసారి రాయడం సాధారణంగా సరిపోతుందని చెప్పింది. ఎన్‌వైప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దానితో బూట్ చేసి నడపొచ్చు. 500 జీబీ డిస్కుకు రెండు గంటలో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఒక హెచ్చరిక: అది ఏ డిస్కు తుడవాలని అడుగుతుంది. అదే పూట మీ బ్యాకప్ హార్డ్ డిస్కు కూడా తగిలించి ఉంటే చేయి జారొచ్చు. దాన్ని ముందే పీకేసి పక్క గదిలో పెట్టండి.

ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. అందులో తిరిగే భాగాలు లేవు. అరుగుదల అన్ని చోట్లా సమానంగా ఉండాలని అది తనంతట తానే రాతను రకరకాల చోట్లకు మళ్లిస్తుంది. మీరు ఒకచోట సున్నాలు రాస్తున్నాననుకుంటే అది ఇంకోచోట రాస్తుంది, పాతది ఎక్కడో మిగలొచ్చు. అందుకని పైన రాసి చెరిపే పద్ధతి దీనికి నమ్మకమైనది కాదు. దీన్ని లోపలి నుంచే తుడుచుకొమ్మని ఆజ్ఞ ఇవ్వాలి. దాన్ని సెక్యూర్ ఎరేజ్ అంటారు. కొన్ని బిజినెస్ మోడళ్లలో బయోస్ మెనూలోనే ఆ సదుపాయం ఉంటుంది. లేదంటే ఎస్‌ఎస్‌డీ తయారీదారు వెబ్‌సైట్‌లో దొరికే టూల్‌తో చేయొచ్చు.

ఇవేవీ చేతకాకపోతే ఒక తేలిక దారి ఉంది. మొదట డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయండి. విండోస్‌లో బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఉంటుంది, అన్ని ఎడిషన్లలో ఒకేలా ఉండదు. వాడిన భాగం మాత్రమే కాకుండా మొత్తం డ్రైవ్ అనే ఎంపిక తీసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో రీసెట్ దిస్ పీసీకి వెళ్లి, రిమూవ్ ఎవ్రీథింగ్ నొక్కి, చేంజ్ సెట్టింగ్స్ లోపల క్లీన్ డేటా ఆన్ చేయండి. చాలామంది చివరి మెట్టు వదిలేస్తారు, ఎందుకంటే అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. తాళంచెవి పోయాక లోపల ఏ ముక్క మిగిలినా అది చదవరాని రాతే. కొత్త ల్యాప్‌టాప్ మీద మాత్రం మొదటి రోజే ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో ఉంచండి. అప్పుడు దొంగ ఎత్తుకుపోయినా మీ సాక్షుల పేర్లు వాడి చేతికి పోవు.

ల్యాప్‌టాప్ అసలు ఆన్ కాకపోతే? మదర్‌బోర్డు పోయినంత మాత్రాన డిస్కు పోదు. నాలుగు స్క్రూలు విప్పి డిస్కు బయటికి తీసి, రెండు మూడు వందల రూపాయల కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించొచ్చు. కొన్ని కొత్త మోడళ్లలో మాత్రం నిల్వ బోర్డుకే అతికి ఉంటుంది. పాడైన యంత్రం కదా అని డిస్కుతో సహా తూకానికి వేయకండి.

ఇంతకంటే ముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, వరసలో వెనక చెబుతున్నాను. వన్‌డ్రైవ్ వాడుతుంటే ముందు దాన్ని ఆ యంత్రం నుంచి అన్‌లింక్ చేయండి. లేకపోతే మీరు ఇక్కడ డెస్క్‌టాప్ ఖాళీ చేసిన కొద్దీ, అక్కడ క్లౌడ్‌లోనూ ఖాళీ అవుతుంది. మీ కొత్త ల్యాప్‌టాప్‌లోనూ మాయమవుతుంది. ఆనక ఫోన్లో వాట్సాప్ లింక్డ్ డివైసెస్‌కు వెళ్లి పాత కంప్యూటర్‌ను తీసేయండి. టెలిగ్రామ్‌లో, గూగుల్ ఖాతాలో కూడా. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఉంటే డీయాక్టివేట్ చేసుకోండి, కొన్నిటికి రెండు యంత్రాలకే అనుమతి. మ్యాక్ అయితే ఫైండ్ మై ఆపాలి. అది ఆపకపోతే తీసుకున్నవాళ్లకు ఆ యంత్రం తాళం వేసిన పెట్టె.

ఇక తుడిచిన యంత్రాన్ని మళ్లీ చదువుకు పనికొచ్చేలా చేయడం. నాకు ఇష్టమైన భాగం ఇది.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదైనవాళ్లకు 2026 అక్టోబర్ వరకు గడువు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే చిప్ కావాలి, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లే కావాలి. ఈ ఒక్క నిబంధనతో చక్కగా నడుస్తున్న లక్షల యంత్రాలు పాతవైపోయాయి. వాటిలో ఏ భాగమూ అరగలేదు. ఒక కంపెనీ తన కారణాలతో గీసిన గీత అది. ఆ గీతకు ఇవతల పడ్డ యంత్రాల్లోనే మన పిల్లలకు అందేవి ఎక్కువ.

డబ్బు ఖర్చు పెట్టగలిగితే మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. పాత హార్డ్ డిస్కు తీసేసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేస్తే మూడు నిమిషాల్లో తెరుచుకునే యంత్రం అర నిమిషంలోపే తెరుచుకుంటుంది. ర్యామ్ 4 జీబీ ఉంటే, స్లాట్ ఖాళీగా ఉంటే, 8 చేయండి. ప్రాసెసర్ గురించి దిగులు వద్దు. బ్రష్‌తో ఫ్యాన్ దుమ్ము తీయించండి. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే లోపలి చిన్న నాణెం బ్యాటరీ అయిపోయిందని అర్థం, కొన్ని పదుల రూపాయల పని. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు సురక్షితం కావని బ్రౌజర్ మొరాయిస్తుంది, జనం వైరస్ అనుకుంటారు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు ఉంటే మాత్రం ఆడుకోకండి. బ్యాటరీ ఉబ్బింది, నిప్పంటుకోవచ్చు. ఛార్జింగ్ ఆపేసి, గుచ్చకుండా, నొక్కకుండా రిపేర్ షాపులో తీయించండి.

విండోస్ 11 అందని యంత్రాల్లో నేను వేసేది లినక్స్ మింట్. ఉచితం. ఎవరి అనుమతీ అక్కర్లేదు, దొంగ కాపీ అన్న భయం లేదు. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం తీసుకోండి. 2 జీబీ ర్యామ్‌తోనూ నడుస్తుంది, 4 ఉంటే హాయి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాక వెంటనే ఇన్‌స్టాల్ కొట్టకుండా, అలాగే కాసేపు వాడి చూడండి. వైఫై వస్తుందా, మైకు పనిచేస్తుందా, కెమెరా కనిపిస్తుందా? కొన్ని పాత వైఫై కార్డులు మొండికేస్తాయి, ఆ సంగతి ఇన్‌స్టాల్‌కు ముందే తెలియడం మంచిది.

మింట్ బూట్ మెనూలో ఓఈఎం ఇన్‌స్టాల్ అని ఒక వరుస ఉంటుంది. ఎవరూ దాన్ని చూడరు. తయారీదారుల కోసం పెట్టారు గానీ మనకు సరిగ్గా సరిపోతుంది. అలా వేస్తే మీరు అప్‌డేట్లు, ఫాంట్లు, అవసరమైన ప్రోగ్రాములు అన్నీ సిద్ధం చేసి మూసేస్తారు. తీసుకున్నవాళ్లు మొదటిసారి ఆన్ చేసినప్పుడు పేరు, పాస్‌వర్డ్ వాళ్లనే అడుగుతుంది. మీ పేరుతో ఉన్న ఖాతాలో, మీరు చెప్పిన పాస్‌వర్డ్‌తో ఇంకొకరు నాలుగేళ్లు బతకాల్సిన పని ఉండదు. నాకు ఆ పాత ల్యాప్‌టాప్ ఇచ్చిన అన్న చాలా మంచివాడు. అయినా ఆన్ చేసిన ప్రతిసారీ ఆయన పేరు కనిపిస్తుంటే అది నాదని అనిపించడానికి ఏడాది పట్టింది.

తెలుగు సిద్ధం చేసి ఇవ్వండి. ఐబస్, దాంతో ఎం17ఎన్ వేస్తే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆర్‌టీఎస్ కూడా వస్తుంది. టైప్ నేర్చుకోబోయే కొత్త పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ చెప్పండి, ఏ కంప్యూటర్‌లోనైనా ఉంటుంది. నోటో తెలుగు ఫాంట్లు, మండలి, రామభద్ర, సురవరం లాంటివి ఉచితంగా దొరుకుతాయి. లిబ్రే ఆఫీస్, జొటేరో పెట్టండి. ఒక ఫోల్డర్‌లో అంబేడ్కర్ రచనల సంపుటాల పీడీఎఫ్‌లు కూడా పెట్టండి. విదేశాంగ శాఖ, సామాజిక న్యాయ శాఖ వెబ్‌సైట్లలో ఇంగ్లీషు సంపుటాలు ఉచితంగానే పెట్టారు. నెట్ లేని ఊళ్లో కూడా చదువుకోవచ్చు.

అయితే లినక్స్‌ను అందరి నెత్తిన రుద్దకండి. తీసుకునేవాళ్లు ఏ చదువులో ఉన్నారో ముందు అడగండి. కొన్ని ఆన్‌లైన్ పరీక్షలకు విండోస్ తప్పనిసరి. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కు లినక్స్ రూపమే లేదు. కామర్స్ పిల్లలకు ట్యాలీ కావాలి, సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకు ఆటోక్యాడ్ కావాలి. మన సిద్ధాంతం కోసం వాళ్ల పరీక్ష పోకూడదు. నా స్నేహితుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వీరాభిమానులు ఈ మాటకు కోప్పడతారు, కోప్పడనివ్వండి.

ఇచ్చేటప్పుడు ఛార్జర్‌తో ఇవ్వండి. ఛార్జర్ లేకుండా ల్యాప్‌టాప్ ఇవ్వడం మామూలైపోయింది, ఆ పిల్లాడు మొదటి వారమే వెయ్యి రూపాయలు వెతుక్కోవాలి. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, ఏ యూఎస్‌బీ పోర్టు పనిచేయదో ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. దయచేసి ఇస్తూ ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టకండి. తీసుకున్నవాళ్లు రేపు అదే క్లాసులో, అదే మెస్సులో అందరి మధ్యా కూర్చోవాలి.

ఇక ఏ విధంగానూ బాగుపడనివి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు 2022 నియమాలున్నాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రిజిస్టరైన రీసైక్లర్లకు ఇవ్వాలి. చాలా వరకు మాత్రం గుజరీ వాళ్ల ద్వారా ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకు చేరతాయి. అక్కడ చిన్న గదుల్లో చేతులతో బోర్డులు విప్పుతారు. రాగి కోసం వైర్లు కాల్చే పొగ, లోహాలు తీసే యాసిడ్ వాళ్ల ఒంట్లోకే వెళ్తాయి. సమాజం ఎవరి చేత చెత్త ఎత్తిస్తుందో చదువుకోవడానికే మనలో కొందరం వచ్చాం కదా. అందుకని పది పాడైన యంత్రాలు పోగయ్యేదాకా హాస్టల్లో ఒకచోట ఉంచండి. ఒక దాని స్క్రీన్, ఇంకోదాని ర్యామ్, మూడోదాని కీబోర్డు కలిపితే రెండు మూడు మళ్లీ నడుస్తాయి. మిగిలిన అస్థిపంజరాలను విశ్వవిద్యాలయం ఈ–వేస్ట్ టెండర్‌లో కలపమని రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టండి. డిస్కులు ముందే తీసి మీ దగ్గర ఉంచుకోండి, తుడవలేనివైతే డ్రిల్లుతో పళ్లేనికి రెండు మూడు బొక్కలు వేయండి. ఎస్‌ఎస్‌డీ అయితే లోపలి ప్రతి చిప్‌కూ బొక్క పడాలి.

అంతే, మాటలు చాలు. వెనక బల్ల మీద మింట్ వేసిన ఆరు పెన్‌డ్రైవ్‌లు, ఎన్‌వైప్‌ది ఒకటి, స్క్రూడ్రైవర్ల పెట్టె ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు అటు రండి. బ్యాకప్ అయిందో లేదో మీ పక్కనున్నవాళ్లకు చూపించి, వాళ్లు సరే అన్నాకే ఎన్‌వైప్ పెన్‌డ్రైవ్ తీసుకోండి.